తక్కువ వాడే వాసనలు

పసివాడి మాడు మీద ముక్కు ఆనించగానే మంగవేణికి మళ్ళీ డోకొచ్చింది. బిడ్డను అత్త చేతుల్లోకి తోసేసి పెరట్లోకి పరుగెత్తింది. ఇరవై రోజుల బాలింత గోడ పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కుతుంటే నూకరత్నం చూడలేకపోయింది. వెనకాలే వెళ్ళి చెల్లెలి నుదురు పట్టుకుంది.

“అప్పా, నాకేటో అయిపోనాది,” అంది మంగవేణి మూతి తుడుచుకుంటూ. “కన్నబిడ్డ కంపు కొడతాడేటి ఎక్కడైనా? పాలియ్యడానికి దగ్గరికి తీస్తే సాలు, కడుపులో తిప్పేస్తంది. నాను తల్లినేనా?”

“ఒలే, ఊరుకో. పచ్చిబాలింతవి. ఏడవకు.”

లోపలినుంచి అత్త సూరమ్మ అందుకుంది. “కంపు నాకూ వస్తంది. అయినా ముక్కు బిగించుకుని ఎత్తుకుంటన్నానా లేదా? గుంటడికి డబ్బాపాలు పడట్లేదు. సూడు, ఎలగైపోనాడో. తల్లికి ఆ మాత్రం ఓర్పు లేపోతే ఎలగ?”

నూకరత్నం బిడ్డను అందుకుంది. పుట్టిన రోజు కంటే తేలికయ్యాడు. తొడల మీద చర్మం ముడతలు పడింది. గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి గొంతు కీచుమంటోంది. పెద్దమ్మ కదా, ఆమెకు కూడా ముద్దొచ్చి మాడు మీద ముక్కు పెట్టింది. చచ్చిన ఎలుకను తడిగోనెలో చుట్టి నాలుగు రోజుల తర్వాత విప్పితే వచ్చే కంపు, దాని మీద ఏదో మందుసీసా ఒలికించినట్టు. ఆమె చేతులు బిడ్డను దాదాపు వదిలేశాయి. ఇంతలేసి వేళ్ళున్న పసివాడి మీద తనకు పుట్టిన ఆ అసహ్యాన్ని తలుచుకుని ఆమెకు ఇంకా అసహ్యం వేసింది.

“పెద్దాసుపత్రికి తీసికెళ్ళినాం,” అంది మంగవేణి. “డాక్టరమ్మ వాసన సూసి, ఏటీ లేదు, మీకే పిచ్చి అనీసింది. అక్కడ నాకూ కంపు రాలేదప్పా. కాన్పైన మూడురోజులూ ఎంత కమ్మగా ఉన్నాడో! ఈ ఇంటికొచ్చినాకే ఇలగ.”

ఆ మాటకు నూకరత్నం చెయ్యి తన ముక్కుపుడక మీదికి పోయింది.

తొమ్మిదేళ్ళ కిందట వచ్చిన ముక్కుజ్వరం ఆ తీరంలో ఎవరినీ చంపలేదు గానీ ఎవరికీ వాసన మిగల్చలేదు. అన్నం మాడినా తెలియదు, గ్యాస్ లీకైనా తెలియదు. అప్పుడు డాక్టర్ భుజంగరావు పుడక కనిపెట్టాడు. చూడటానికి మామూలు ముక్కుపుడకే. గాలిలో ఏముందో కొలిచి, దానికో సంకేతం కట్టి, ల్యాబ్‌లో ఉన్న డేటాబేస్‌ను అడుగుతుంది. ఆ సంకేతానికి ఏ వాసన రాసి ఉంటే ఆ వాసనను ముక్కు నరానికి అందిస్తుంది. రెప్పపాటులో అయిపోయే పని. మొదట్లో మగవాళ్ళు సిగ్గుపడ్డారు, బావమరుదులు ఆటపట్టించారు. చివరికి గుబురుమీసాలవాళ్ళు కూడా కొట్టుకెళ్ళి ఎర్రరాయి బాగుందా తెల్లరాయి బాగుందా అని అద్దంలో చూసుకునేదాకా వచ్చింది. ఆ జ్వరం చాలా ఏళ్ళు పుట్టే పిల్లల్నీ వదల్లేదు, ఈ ఏడాది రెండేళ్ళలో పుట్టినవాళ్ళకు మాత్రం పుడకతో పనిలేదు. వాళ్ళ ముక్కు వాళ్ళదే.

ఆ డేటాబేస్‌ను కాచుకుని ఉండే మనిషి నూకరత్నం. ఎనిమిదేళ్ళుగా అదే పని, అదే కుర్చీ. అమ్మానాన్నలు లేని చెల్లెలు ఆస్పత్రి నుంచి నేరుగా అత్తారింటికే వెళ్ళవలసి వచ్చిందంటే, పురిటిమంచం వేయడానికి అక్క ఇంట్లో ఉంటే కదా.

“మందులు మింగకు, మాంత్రికుల్ని పిలవకు,” అని చెప్పి ఆమె చెప్పులేసుకుంది. “తప్పు నీలో లేదు, పిల్లడిలో లేదు. నా మిషన్లోనే ఏదో పాడయినాది. సాయంత్రానికల్లా బాగుసేసి ఒస్తాను.”

“నిజమేనా అప్పా?” మంగవేణి గడప దాకా వచ్చింది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది. “ఇంకో మాట సెప్తాను, నవ్వకు. ఆడి దగ్గర పాలు రావట్లేదు. కాలవ గట్టుకెళ్తే మాత్రం వాటంతటవే సేపుకొస్తన్నాయి.”

నూకరత్నం నవ్వలేదు, కానీ పెద్దగా పట్టించుకోనూ లేదు. నీలాలపాలెంలో అందరికీ ఆ కాలవ గట్టంటే ఇష్టమే. మూడు నెలలుగా అక్కడ ఏదో కమ్మటి వాసన, తియ్యగా, గోరువెచ్చగా. అదేమిటో ఎవరూ పేరు పెట్టలేకపోయారు. పాత కంపంతా పోయి ఇది వచ్చిందంటే గంగమ్మ దయే అన్నారు కొందరు. ఆడవాళ్ళు కత్తిపీటలు తెచ్చుకుని గట్టునే కూరలు తరుగుతున్నారు, ముసలివాళ్ళు మంచాలు అక్కడే వాల్చుకుంటున్నారు. స్కూటర్ ఎక్కేముందు ఆమె కూడా ఒకసారి గుండెల నిండా పీల్చుకుని మరీ బయల్దేరింది.

ల్యాబ్‌కు వచ్చి కూర్చోగానే, పొద్దున తన పుడక ఏమేం అడిగిందో ఆ చిట్టా తెరిచింది. బిడ్డ మాడు దగ్గర కట్టిన సంకేతం దొరికింది. దాన్ని నీలాలపాలెం ఇండెక్స్ ద్వారా అడిగింది. ‘రసాయన వ్యర్థం, కుళ్ళు, తీవ్రం’ అని జవాబొచ్చింది.

ఇండెక్స్ అంటే పెద్ద హంగేమీ లేదు. లావుపాటి వంటల పుస్తకం చివర పట్టిక ఉంటుంది కదా, ఏ వంట ఏ పేజీలో ఉందో చెప్పేది, అంతే. టేబుల్ అసలు పుస్తకం. వాసనలన్నీ దాంట్లో వరుసలు వరుసలుగా ఉంటాయి. రెప్పపాటులో జవాబు కావాలంటే పుస్తకమంతా తిరగేయలేం కాబట్టి పట్టిక చూసి పేజీ తెరవాలి. ఒక్కో పేటకు ఒక్కో పట్టిక. పేట మారితే పుడక అడిగే పట్టిక కూడా మారుతుంది.

ఇప్పుడు ఆమె ఇండెక్స్‌ను పక్కన పెట్టమని చెప్పి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. యంత్రం ఈసారి టేబుల్ మొత్తం మొదటి వరుస నుంచి చదవాల్సి వచ్చింది. రెండు నిమిషాలు పట్టింది. ‘పసిపిల్లల మాడు. పాలు, ఎండలో ఆరిన మెత్తటి గుడ్డ, కొద్దిగా తీపి.’

ఆమెకు కళ్ళు చెమర్చాయి. పుస్తకం బాగానే ఉంది. పట్టికే పాడయింది. దాన్ని కొట్టేసి టేబుల్ నుంచి కొత్తది కట్టుకుంటే సరి, అరగంట పని. అయితే ఎందుకు పాడయిందో తెలుసుకోకుండా కడితే రేపు మళ్ళీ పాడవుతుంది. అందుకని వరసపెట్టి వెతకడం మొదలుపెట్టింది. డిస్క్ చూసింది, మచ్చ లేదు. కరెంటు పోయిన దాఖలా లేదు. సర్వర్ మెమరీలో తప్పులేదు. ఈ మధ్య సాఫ్ట్‌వేర్ మార్చింది కూడా లేదు. పక్క పేటల ఇండెక్స్‌లన్నీ శుభ్రంగా ఉన్నాయి.

అప్పుడు పట్టికలో ఏ సంకేతం ఏ వరుసదో చెప్పే ఒక్కో చీటీని టేబుల్లోని వరుసతో పోల్చిచూసే పరీక్ష పెట్టింది. నాలుగు లక్షల చీటీలు. టీ తెచ్చుకుని, తాగకుండానే చల్లార్చింది. పరీక్ష పూర్తయ్యేసరికి తప్పులు రెండంటే రెండే తేలాయి.

ఆమెకు చిరాకు వేసింది. తనంతట తాను పాడైన ఇండెక్స్ ఇంత పద్ధతిగా ఉండదు. వందల చీటీలు చిందరవందరగా పోతాయి, కొన్ని రెండుసార్లు పడతాయి, కొన్ని అసలే ఉండవు. ఇక్కడ చీటీల లెక్క వరుసల లెక్కతో అణువంత తేడా లేకుండా సరిపోయింది. రెండు చీటీలు ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయి, అంతే. బిడ్డ మాడు చీటీ కుళ్ళు వైపు చూపిస్తోంది. మరి కుళ్ళు చీటీ?

అది బిడ్డ మాడు వైపు చూపిస్తోంది.

ఆ కుళ్ళు సంకేతం నీలాలపాలెంలో రోజుకు ఎన్నిసార్లు వస్తోందో చూసింది. వేలసార్లు. ఎక్కడ? కాలవ గట్టున. ఇళ్ళ వెనకున్న మందుల ఫ్యాక్టరీ తన మురుగంతా వదిలే ఆ కాలవ దగ్గర.

నూకరత్నం బాత్రూంలోకి వెళ్ళి పొద్దున తిన్నదంతా కక్కేసింది. గుండెల నిండా పీల్చుకున్నది ఫ్యాక్టరీ మురుగు. సూరమ్మ వంకాయలు తరుగుతున్నది దాని పక్కన. చెల్లెలి పాలు చేపుకొస్తున్నది దాన్ని చూసి. పాలెంలో సొంత ముక్కున్న వాళ్ళు పసివాళ్ళు మాత్రమే, ఆ ఇంట్లో ఆ ఒక్కడే. వాడు అక్కడ అడుగుపెట్టింది మొదలు ఆగకుండా ఏడుస్తూనే ఉన్నాడు, వీళ్ళేమో కడుపునొప్పని వాము నీళ్ళు పడుతున్నారు.

ముఖం కడుక్కుని వచ్చి ఆ రెండు చీటీలను ఎవరు మార్చారో చూసింది. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం, భుజంగరావు గది నుంచి.

ఆమె తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళేసరికి ఆయన పెరుగన్నం తింటున్నాడు. మాగాయ ముక్కను వేళ్ళతో చీకుతూ, కూర్చోమని తలతో సైగ చేశాడు.

“సార్, నీలాలపాలెం ఇండెక్స్ పాడయింది.”

“పాడవలేదమ్మా. నేనే కొంచెం సర్దాను,” అన్నాడు, ఇంట్లో సోఫా జరిపిన సంగతి చెప్పినట్టు. “ఆ కాలవకు పైపు వేయడానికి రెండేళ్ళు పడుతుందట ఫ్యాక్టరీవాళ్ళకి. అప్పటిదాకా ఆ జనం కంపులో బతకాలా? ఫ్యాక్టరీవాళ్ళే వచ్చి బతిమాలారు. మనం వాసన మార్చాం. చూశావుగా, ఇప్పుడు గట్టు మీద తిరునాళ్ళలా ఉంది.”

“అది మురుగు సార్! పక్కనే తాగునీళ్ళ బోరుంది.”

“మురుగు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. తెలియడం ఒక్కటే కదా తీసేశాను.” మాగాయ టెంక కంచంలో పెట్టి ఇంకో ముద్ద కలిపాడు. “టేబుల్ జోలికి పోలేదు. తనిఖీకి వచ్చేవాళ్ళు వరుసలు చదువుతారు, అవన్నీ అచ్చం ఉన్నట్టే ఉన్నాయి. ఇండెక్స్ విప్పి చూసేవాడెవడు, నీలాంటి పనిమంతురాలు తప్ప? లెక్క తప్పకూడదని ఒకదానికొకటి మార్చాను. కుళ్ళును ఎక్కడో ఒకచోట దాచాలి కదా మరి.”

“పసిపిల్లల నెత్తిన దాచారా?”

“నేనెక్కడ వెతికానమ్మా?” అని నవ్వాడు. పళ్ళ సందున మెతుకు కనిపించింది. “జాబితా నువ్వే ఇచ్చావుగా.”

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మూడు నెలల కిందట, భోజనాల వేళ, ‘రత్నం, నీలాలపాలెంలో జనం తక్కువ వాడే వాసనలు ఒక పది రాసి పంపమ్మా’ అని ఆయన ఫోన్ చేశాడు. అప్పట్లో ఆ పేటలో ఒడిలో బిడ్డలున్న ఇళ్ళు రెండో మూడో. ఐదు నిమిషాల్లో యంత్రాన్ని అడిగి, వచ్చిన పదీ పంపేసి, టిఫిన్ డబ్బా మూత తీసుకుంది. ఎందుకని అడగలేదు.

“చెల్లెలు ఇబ్బంది పడుతోందా?” అన్నాడాయన, చెయ్యి కడుక్కుంటూ. గొంతులో నిజంగానే జాలి ఉంది, అదే ఎక్కువ రోత పుట్టించింది. “దానికింత గొడవెందుకు? నీ జాబితాలో ఇంకా తొమ్మిదున్నాయి. బిడ్డ వాసన బిడ్డకిచ్చెయ్. కాలవకు ఇంకోటి పెట్టు. నీకు నచ్చింది ఎంచుకో. పది నిమిషాల్లో మీ చెల్లెలు పాలిస్తుంది, పాలెంవాళ్ళకూ కంపు ఉండదు.”

నూకరత్నం తన కుర్చీకి తిరిగొచ్చింది. పాత జాబితా తెరిచింది. చదివింది కూడా. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచుకోలేదు. సాంబ్రాణి పొగ పట్టిన పురిటిగుడ్డ. కొత్త సుద్దముక్క. శవానికి పూసిన గంధం. ముసలివాళ్ళ మెడ.

ముసలివాళ్ళ మెడ దగ్గర ఆగింది. ముసలివాళ్ళ మెడ వాసన ఎవరు చూస్తారు? వేలు మీట మీదికి వెళ్ళింది. బిడ్డ బక్కచిక్కిన తొడలు కళ్ళముందున్నాయి. ఈ ఒక్క మార్పు చేస్తే వాడు ఇవాళే కడుపునిండా తాగుతాడు. ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. పాలెంలో ఏ ముసలమ్మో మంచం పట్టిన మొగుణ్ణి లేపి కూర్చోబెట్టబోయి, ఆయన మెడ దగ్గర కంపుకు మొహం తిప్పుకుంటుంది, అంతే కదా. ఆయన దానికేమనుకుంటాడో తన జాబితాలో ఉండదు.

ఆమెకు తన వేలును చూసుకుంటేనే రోత పుట్టింది. భుజంగరావు ఆ మధ్యాహ్నం ఇలాగే చదివి ఉంటాడు. ఇలాగే ఒకదాని దగ్గర ఆగి, ఇది ఎవరికి కావాలిలే అనుకుని ఉంటాడు. జాబితా మూసేసింది.

పాడైన ఇండెక్స్ నకలును, మార్పు చేసినవాళ్ళ పేరున్న చిట్టాను తనిఖీ బృందానికి పంపింది. అందులో తను రాసిచ్చిన జాబితానూ జతచేసింది. భుజంగరావు గది నుంచి డేటాబేస్‌కు ఉన్న తాళాలన్నీ రద్దు చేసింది. తర్వాత నీలాలపాలెం ఇండెక్స్‌ను కొట్టేసి, టేబుల్ నుంచి మొత్తం కొత్తగా కట్టమని ఆదేశమిచ్చింది. ముప్పై నాలుగు నిమిషాలు అని చూపించింది తెర. అంతసేపూ ఆ పేటలో ఎవరి పుడకకూ జవాబు రాదు. ఆమె స్కూటర్ తాళాలు తీసుకుని బయటపడింది.

పాలెంలోకి వచ్చేసరికి ఎండ కాస్త వాలింది. ఆమె ముక్కుకు కూడా ఏమీ తెలియడం లేదు. గట్టు మీద జనం పుడకలు తీసి తుడుచుకుంటున్నారు, ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. సూరమ్మ కత్తిపీట ముందు కూర్చుని బెండకాయ వాసన చూస్తోంది.

మంగవేణి గదిలో గోడకు ఆనుకుని ఉంది. బిడ్డ పక్కన గుడ్డల మీద ఉన్నాడు. ఇప్పుడు ఏడవడానికి కూడా శక్తి లేదు.

“ఎత్తుకో,” అంది నూకరత్నం.

“నాకు బయమేస్తంది అప్పా.”

“ఇంకా ఏ వాసనా రాదు. ఎత్తుకుని కూకో. ఒచ్చినప్పుడు నీకే తెలుస్తది.”

మంగవేణి మొహం పక్కకు తిప్పుకునే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఐదో నిమిషంలో ఆమె మెడ దానంతటదే ఇటు తిరిగింది. ముక్కు వాడి మాడు మీదికి వంగింది. ఒకసారి చూసింది, ఆగి మళ్ళీ చూసింది. తర్వాత ముక్కూ నోరూ మొత్తం ఆ జుట్టులో దూర్చేసింది. జాకెట్టు తడిసిపోయింది. బిడ్డ నోరు తెరిచి వెతుక్కుని పట్టుకున్నాడు. గుటకలు వినిపించాయి. నూకరత్నం గోడకు చేరబడి పైటచెంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

అంతలో కిటికీలోంచి వచ్చింది అసలుది.

గట్టు మీద ఎవరో కెవ్వుమన్నారు. సూరమ్మ తరిగిన బెండకాయలు తొక్కుకుంటూ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే కక్కుకుంది. ఎదురింటి ముసలాయన మంచం మీది నుంచి దిగలేక, ఎవరైనా లోపలికి మొయ్యండర్రా అని అరుస్తున్నాడు. ఒకావిడ పొద్దున కాలవలో జాడించి ఆరేసిన చీరను తీగ మీది నుంచి రెండు వేళ్ళతో లాగి దూరంగా విసిరేసింది. వీధిలో ఎక్కడ చూసినా ముక్కుకు చెంగులు అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళే. నూకరత్నం కిటికీ మూసినా కంపు ఆగలేదు. మంగవేణి ఊపిరి తీసుకోవాలనిపించినప్పుడల్లా బిడ్డ తలలో ముక్కు పెట్టి తీసుకుంటోంది.

“కాలవ కంపు పోనాదన్నారు కదప్పా, మళ్ళీ ఎప్పుడొచ్చినాది?”

“కాలవ పదేళ్ళ నుంచీ ఇంతే. మీకు తెలీకుండా సేసింది మూడు నెలలకిందట.”

“మరి ఇన్నాళ్ళూ గట్టు మీద కమ్మగా ఒచ్చినాదేటి?”

నూకరత్నం బిడ్డ వైపు చూసింది. “ఈడిది. పసిపిల్లల మాడుది.”

మంగవేణి తన తడిసిన జాకెట్టు వైపు చూసుకుంది. తన పాలు దేన్ని చూసి చేపుకొచ్చాయో ఆమెకు అప్పుడు తెలిసింది.

“ఏ సచ్చినోడు సేసినాడప్పా ఇది?”

ఒక్క పేరు చెబితే సరిపోతుంది. ఆ పేరు అబద్ధం కూడా కాదు.

“సేసింది భుజంగరావు,” అంది నూకరత్నం. “జనం తక్కువ వాడేవి ఏవో సెప్పు అంటే, ఎవులికీ పెద్దగా అక్కర్లేనివి ఇవీ అని రాసిచ్చింది నాను. పదింట్లో ఇదొకటి. ఎందుకని అడగలేదే.”

బిడ్డ తాగడం ఆపి నిద్రలోకి జారాడు. పాల చుక్క ఒకటి గడ్డం మీదికి కారుతుంటే తుడుద్దామని నూకరత్నం చెయ్యి చాపింది. మంగవేణి బిడ్డను అవతలి భుజం మీదికి మార్చుకుంది. పొద్దున ఆ బిడ్డను అత్త చేతుల్లోకి తోసినప్పుడు ఆమె మొహం ఎలా ఉందో, ఇప్పుడు అక్కను చూస్తున్నప్పుడూ అలాగే ఉంది.

“ముట్టుకోకు,” అంది.

నూకరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. వీధిలో కేకలు పెద్దవవుతున్నాయి. పుడకలు పాడయ్యాయని, ల్యాబ్‌వాళ్ళకు ఫోన్ చేసి వెంటనే బాగుచేయించాలని ఎవరో గట్టిగా అంటున్నారు.

“నాకు సెప్పీసినావు, బరువు దిగిపోనాదనుకోకు,” అంది మంగవేణి, ఆమె వైపు చూడకుండా. “ఎల్లు. ఆళ్ళకీ సెప్పు.”

నూకరత్నం లేచింది. గుమ్మంలో సూరమ్మ కక్కుకున్నదాన్ని దాటి వీధిలోకి దిగింది. ఫోన్ చేస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆమె చేతిలోని ఫోన్‌ను మెల్లగా కిందికి దించింది.

“అమ్మా, ఆ ల్యాబ్ మనిషిని నేనే. పుడకలు ఇప్పుడే బాగయ్యాయి,” అని మొదలుపెట్టింది.